ఊరికే ఇచ్చిన మందు

కురుమయ్య చలిజ్వరానికి రెండు మందులు తాగుతున్నాడు. ఒకటి గద్వాల దవాఖానలో ఊరికే ఇచ్చింది, రెండోది బజారులో కొన్నది. అది మళ్లీ కొనాలంటే పాలిచ్చే మేకను అమ్మాలి. అందుకే అతని పెళ్లాం అమృతమ్మ అతణ్ణీ రెండు సీసాలనూ దవాఖానకు తీసుకొచ్చింది.

డాక్టరు రెండు మందులూ నాలుకకు రాసుకుని చూశాడు.

"రెండూ క్వినైనే. కొన్నదాంట్ల రంగు కలిపిండ్రు, అంతే. అది మానెయ్."

"ధర్మానికిచ్చిన మందు ఒంటికి పట్టదు సాబ్," అన్నాడు కురుమయ్య. "మా ఊర్ల వైద్యుని చేతుల ఏదన్న పెట్టినంకనే తాగుతం."

"నేనేం తీసుకోను."

అమృతమ్మ కొంగుముడి విప్పి ఆకూ వక్కా చాపింది. "జర గిదన్న తీస్కోండ్రి సాబ్. లేకుంటె ఈ మొండోడు నా మేకను సంతకు తోల్తడు."

డాక్టరు నవ్వకుండా అందుకున్నాడు. కురుమయ్య దవాఖాన సీసా ఎత్తి, మొహం చిట్లిస్తూ అక్కడే ఒక గుక్క మింగాడు.