మా అత్తగారి కోసం కొన్న డీజే పెట్టె

మా ఊళ్ళో డీజే అంటే ఒక వ్యాను, దాని మీద మనిషెత్తు బాక్సులు, వెనకాల చొక్కాలు విప్పేసి గెంతే కుర్రాళ్ళు. అలాంటి చోడవరంలో, నలభై రెండేళ్ళ వయసులో, మెళ్ళో విజిలు వేసుకుని హైస్కూలు గ్రౌండంతా తిరిగే డ్రిల్లు టీచర్ని, నేను డీజే కంట్రోలర్ కొంటానని బయల్దేరాను. నాకు ఎండదెబ్బ తగిలిందని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. తగిలింది ఎండదెబ్బ కాదు, మా హెడ్మాస్టరుగారి దెబ్బ.

సంగతేమిటంటే, బుచ్చయ్యపేటలో మా ఆడపడుచు కొత్తిల్లు కట్టుకుని గృహప్రవేశం చేసింది. భోజనాలయ్యాక ఆడవాళ్ళందరం హాల్లో చేరి, నా ఫోన్ని బ్లూటూత్ స్పీకరుకి కలిపి పాటలు పెట్టాం. మా అత్తగారికి డాన్సంటే ప్రాణం. ఆ మాట ఆవిడ చచ్చినా ఒప్పుకోదు. పోపు వేస్తూ నడుం ఊపడం పదహారేళ్ళుగా నేను చూస్తూనే ఉన్నాను, వంటింట్లోకి అడుగు పెట్టానంటే ఆపేసి గరిటె వెతుక్కుంటుంది. ఆ రోజు మాత్రం ఏ గాలి సోకిందో, కొంగు బొడ్లో దోపి మధ్యలోకి వచ్చేసింది. అబ్బబ్బ, ఏం ఆడిందండీ! డెబ్భై ఏళ్ళ మనిషి! భుజాలు వేరు, మెడ వేరు, కళ్ళు వేరు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. పాట మంచి ఊపు మీదుండగా చటుక్కున ఆగిపోయి నా ఫోను మోగింది. ఎవరి పిల్లో ఆ పచ్చ బటన్ నొక్కేసింది. ఇల్లు అదిరిపోయేలా మా హెడ్మాస్టరుగారి గొంతు.

"మేడమ్, వాలీబాలు నెట్టు ఎక్కడ పెట్టేరండీ?"

అందరూ గొల్లుమని నవ్వారు. నవ్వింది నెట్టు గురించే. కానీ నడిమధ్యలో నిలబడి ఉన్నది మా అత్తగారు. ఆవిడ ఒక్కసారి అందరి మొహాలూ చూసి, బొడ్లోంచి కొంగు లాగి భుజాల చుట్టూ కప్పుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"మిమ్మల్ని సూసి కాదత్తమ్మా, ఆ నెట్టు గురించి నవ్వేరు" అని వందసార్లు చెప్పి ఉంటాను.

"నాకు కళ్ళు లేవేటి? ముసిల్దానికి సోకులేటని నవ్వేరు. ఇంక నానాడను" అంది. అన్నట్టే పోపు దగ్గర ఊగడం కూడా మానేసింది. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఈలోగా ఆడపడుచు కూతురికి పెళ్ళి కుదిరింది. ఆ పిల్ల నాకు ఫోన్ చేసి, "అత్తా, పసుపు ఫంక్షన్లో అమ్మమ్మ ఆడకపోతే నాను పీట మీద కూసోను" అని భీష్మించింది. పక్కనే ఉన్న మా అత్తగారు విని, "కూసోకపోతే మానీమను" అంది. నా ఫోను వల్ల పోయిన ఆట అది. ఎలాగైనా సరే, ఫంక్షన్ రోజుకి దాన్ని నేనే తిరిగి తేవాలని ఒట్టు పెట్టుకున్నాను.

మా వైపు ఆడవాళ్ళ డాన్సు గురించి నేను కనిపెట్టిన సంగతి ఒకటుంది. పాట మధ్యలో ఎవరూ కూర్చోరు. ఒక పాట అయిపోయి ఇంకోటి వచ్చేలోపు ఓ పది లెక్కపెట్టేంత ఖాళీ ఉంటుంది చూడండి, సిగ్గు దూరేది అక్కడ. ఒకావిడకి పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి. ఒకావిడకి పిన్నీసు ఊడినట్టు అనిపిస్తుంది. మూడో ఆవిడ ఆ ఇద్దరికీ సాయం వెళుతుంది. ఇంక రెండో పాటకి గోడలే ఆడుకోవాలి. ఆ ఖాళీయే లేకపోతే? మొదటి పాట అయిపోతుండగానే రెండోది దాని కిందనుంచి జారి వచ్చేస్తే? సిగ్గుకి సందెక్కడిది! డీజేలు చేసే పనే ఇదని వీడియోలు చూస్తే తెలిసింది. రెండు చక్రాల పెట్టె, ఒక్కో చక్రానికి ఒక్కో పాట, మధ్యలో అటూ ఇటూ జరిపే మీట. ఒక చక్రం ఆగకముందే రెండోది అందుకుంటుంది. పాటలు లాప్‌టాప్‌లోంచి వస్తాయి. లాప్‌టాప్‌కి హెడ్మాస్టరుగారు ఫోన్ చెయ్యలేరు. ఆ ఒక్క ముక్కకే నేను లేచి గెంతాను.

ఇక ఏది కొనాలన్నది మిగిలింది. మా బడ్జెట్టు, ఫ్రిజ్ మార్చడానికి తీసిపెట్టుకున్న డబ్బు. తలుపుకి స్టూలు అడ్డం పెడితే పాత ఫ్రిజ్ ఇంకో ఏడాది లాగుతుందని నేనే తీర్పు చెప్పేశాను. వీడియోల్లో కుర్రాళ్ళు "ముందు మీ బడ్జెట్ తేల్చుకోండి" అని ముద్దుగా మొదలుపెట్టి, చివరికి నా బడ్జెట్టుకి మూడింతలది చూపించి "ఇదైతే బెస్ట్" అనేవాళ్ళు. ఒళ్ళు మండిపోయేది. నాలుగు పాటలు ఒకేసారి నడిపేదట! ఉన్నవి రెండు చేతులు, నాలుగు పాటలు ఏం చేసుకోను? అనకాపల్లిలో ఒకాయన సెకండ్ హ్యాండ్‌ది అమ్ముతున్నాడంటే ఫోన్ చేశాను. ఫొటోలో ఒక చక్రం కనపడటం లేదేమిటని అడిగితే, "అది పెద్ద ఇబ్బంది కాదు మేడమ్, రెండోది బాగానే తిరుగుతాది" అన్నాడు. చక్రానికి చక్రం తూచి అమ్ముతాడు కాబోలు.

మా ఆయన మండలాఫీసులో పనిచేస్తాడు. ఏ వస్తువునైనా లైట్లు చూసి కొనే మనిషి. ఇండక్షన్ స్టవ్వు కూడా అలాగే కొన్నాడు. ఒక ఆదివారం ఇద్దరం బస్సెక్కి వైజాగ్‌లో వాయిద్యాల షాపుకి వెళ్ళేసరికి, ఆయన కళ్ళు అద్దాల బల్ల మీదున్న ఒక పెద్ద పెట్టె మీద పడ్డాయి. చక్రాల చుట్టూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం. బటన్ నొక్కితే ఒక రంగు, వదిలితే ఇంకో రంగు. ధర మాకు సరిపోయేదే.

"ఇదే. ఇంక సూడక్కర్లేదు" అన్నాడు మా ఆయన. అబద్ధమెందుకు, నాకూ నోరూరింది.

షాపాయన నెమ్మదస్తుడు. "బాగా వెలుగుతాదండి. కాని అమ్మా, రెండో పాట మీరెలా వింటారు?" అని అడిగాడు.

"స్పీకర్లోంచి."

"అప్పుడు జనం కూడా వింటారు కదండీ. ముందు మీరొక్కరే వినాలి. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో, వేగం కలిసిందో లేదో మీ చెవిలో సూసుకుని, కలిసేక జనానికి వదలాలి. దీనికి హెడ్‌ఫోను పెట్టుకునే కన్నమే లేదు."

నేనూ మా ఆయనా ఆ పెట్టెని నాలుగు వైపులా తిప్పి చూశాం. ఎత్తి అడుగున కూడా చూశాం. లేదు!

అప్పుడాయన కింది అరలోంచి ఒక చిన్న నల్ల పెట్టె తీశాడు. కూరలు తరిగే చెక్కంత ఉంటుంది. వెలుగుతుందని చెప్పుకోవడానికి నాలుగు బటన్లు. కానీ ముందు వైపు హెడ్‌ఫోన్ కన్నం, వెనక స్పీకరుకి వేరే కన్నం, వేగం మార్చడానికి ఒక పొడుగాటి మీట. మీట పొట్టిదైతే చెయ్యి కొంచెం జరిగినా పాట పరిగెత్తుతుందని చెప్పి, హెడ్‌ఫోన్ నా చెవులకి తగిలించాడు. ఒక చెవి మూసి, ఒక చెవి తీసి. షాపులో ఒక పాట, నా చెవిలో ఇంకో పాట. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇరవై ఏళ్ళుగా నేను గ్రౌండులో లెక్కపెట్టేది ఇదే కదా! మీట కొంచెం కిందకి లాగాను. ఇంకొంచెం. రెండు పాటలూ ఒక్క అడుగు మీద నడిచాయి, ఓ నాలుగడుగులు. అంతే, నాకు నవ్వాగలేదు. గిటార్లు చూసుకుంటున్నవాళ్ళు నన్ను చూస్తున్నారు. చూడనీ!

"దీనికి లైట్లు లేవే" అన్నాడు మా ఆయన, దిగులుగా.

"మీకు సీరియల్ లైట్ల సెట్టు కొనిపెడతాను, ఊరుకోండి" అన్నాను. ఆయన దారి పొడుగునా ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు, ఎవరికీ ఇవ్వలేదు.

ఇంటికొచ్చి విప్పితే మా అత్తగారు వంగి చూసింది. "ఫ్రిజ్జు డబ్బులట్టుకెల్లి దోసెల పెనాలు తెచ్చేరేటి?" అని వెళ్ళిపోయింది.

స్కూల్నుంచి రాగానే సాధన. మొదటి పది రోజులూ చెప్పుకుంటే సిగ్గుచేటు. కొత్తగా చేరిన ఆరో తరగతి చేత మార్చ్ చేయిస్తే ఎలా ఉంటుందో అలా, రెండు పాటలూ ఒకదాని కాళ్ళు ఒకటి తొక్కుకునేవి. సింక్ అని ఒక బటన్ ఉంది, నొక్కితే పెట్టె తనే కలిపేస్తుందట. లెఫ్ట్ రైట్ చెప్పి బతికే దాన్ని, నాకు బటన్ నేర్పాలా అని రోషం. రోషం ఐదో రోజుకి తగ్గి నొక్కాను. సినిమా పాటలకి బాగానే పనిచేసింది. కానీ మా అత్తగారు ఒకప్పుడు వంటింట్లో కూనిరాగం తీసిన జానపదం ఒకటుంది, డప్పు మనిషి తన ఇష్టం వచ్చినట్టు వాయించినది. దాన్ని పట్టుకోవడం బటన్ వల్ల కాలేదు. మళ్ళీ చెవీ, వేళ్ళ లెక్కా, పొడుగాటి మీటే గతి.

మా అత్తగారు గదిలోకి రాదు. వంటింట్లోంచే కూతలు. "ఇప్పుడు తడబడ్డాది!" అనేది. నిజంగానే తడబడి ఉండేది. ఒక సాయంత్రం, "ఇదిగో, ఇప్పుడు అతుకు తెలవలేదు" అంది. నేను ఎగిరి గంతేసి వంటింట్లోకి పరిగెత్తాను.

"అయితే ఆడతారా అత్తమ్మా?"

"ఆడను. అదొక్కటీ అడక్కు" అంది, చెయ్యి కడుక్కుంటూ. అతుకు తెలియకుండా పాట కలపగలను గానీ, ఆవిడ మనసుకి వేసే మీట ఆ పెట్టె మీద ఎక్కడా లేదు.

పసుపు ఫంక్షన్ పొద్దున్న పది గంటలకి, బుచ్చయ్యపేటలో, ఇంటి ముందు షామియానా కింద. టేబుల్ మీద నా పెట్టె. పసుపు నీళ్ళు పడకుండా పైన ప్లాస్టిక్ కవరు, దాని కింద నా చేతులు. పెళ్ళికూతురు పీట మీద కూర్చుంది గానీ నా వంక గుర్రుగా చూస్తోంది. మా అత్తగారు ఆ పిల్ల పక్కనే కుర్చీలో చేతులు కట్టుకుని ఉంది.

మొదలెట్టాను. ఒకటోది, దాని కిందనుంచి రెండోది, రెండో దాంట్లోంచి మూడోది. ఖాళీ లేదు! ఆడవాళ్ళు ఆడుతూనే ఉన్నారు. మా చిన్నత్తగారు రొప్పుతూ నా దగ్గరకి ఆడుకుంటూనే వచ్చి, "ఓలమ్మో, ఇది ఆగదేటే? పొయ్యి మీద పులుసున్నాది!" అంది. "ఎల్లండి మరి!" అంటే, "ఎలాగెల్తాను, పాట అవలేదు కదా!" అంటూ మళ్ళీ వెనక్కి ఆడుకుంటూ పోయింది. నా గుండె గాల్లో తేలిపోతోంది. ఇంతమందిని ఒక్క విజిలు లేకుండా ఆడిస్తున్నాను!

కానీ మా అత్తగారు కదల్లేదు. నాలుగు పాటలు, ఐదు పాటలు. కాలి వేలు కూడా ఆడించలేదు. ఖాళీలు పూడ్చాను సరే, ఆవిడ పాటలోకి అడుగే పెట్టకపోతే ఖాళీతో పనేముంది? నాకు కోపం వచ్చింది, తరవాత భయం వేసింది. ఇంక ఏమీ తోచక, "అత్తమ్మా, ఒక్కసారి ఇలారండి. నాకు చెవి పనిచెయ్యట్లేదు, తరవాతి పాట బాగున్నాదో లేదో విని సెప్పండి" అని అరిచాను. పచ్చి అబద్ధం.

కోడలికి చెవి పనిచెయ్యట్లేదంటే ఏ అత్తగారు రాదు? వచ్చింది. ఆ జానపదం రెండో చక్రం మీద పెట్టి, హెడ్‌ఫోన్ ఆవిడ తల మీద దించాను. రెండు చెవులూ మూసుకుపోయాయి.

షామియానాలో సినిమా పాట మోగుతోంది. మా అత్తగారు కళ్ళు మూసుకుంది. ముందు భుజం కదిలింది. తరవాత మెడ. చెయ్యి దానంతటదే వెళ్ళి కొంగుని బొడ్లో దోపింది. ఇంక ఆగలేదు! వైరు పొట్టిది కాబట్టి టేబుల్ పక్కనే, ఆ రెండు గజాల నేల మీదే, ఒకటే ఆట. జనానికి వినపడే పాట ఒకవైపు, ఆవిడ అడుగు ఇంకోవైపు. ఎవరి అడుగుతోనూ కలవడం లేదు. ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత షామియానా అంతా నవ్వింది. ఈసారి నవ్వింది ఆవిడని చూసే. నేనే పిలిచి నిలబెట్టాను నలుగురిలో.

ఆవిడ కళ్ళు తెరిచి చూసింది. ఒక చెవి మీదనుంచి హెడ్‌ఫోన్ పక్కకి జరిపింది. అందరి మొహాలూ వరసగా చూసింది.

"నవ్వండే, నవ్వండి. మీకింకా పాట రాలేదు" అంది.

హెడ్‌ఫోన్ చెవి మీదకి లాక్కుని మళ్ళీ మొదలెట్టింది. నా కళ్ళకి పెట్టె సరిగ్గా కనిపించడం లేదు. ఆవిడ పాదాలు చూసి నాలుగు లెక్కపెట్టి, మీట జరిపి, ఆ పాటని అందరికీ వదిలాను.