ప్లేటుకు వెనకపక్క పాట

నిన్న పెట్టె సర్దుతుంటే పాత గ్రామఫోను, ఒక ప్లేటు దొరికాయి. మన ఈడువాళ్లకు గుర్తుందా? ప్లేటుకు ఒకపక్క గొప్ప పాట, వెనకపక్క ఎవరూ అడగని హాస్యపాట.

కడపలో మా నాయన రెండూ వేసేవాడు.

"ఆ కూతలు శానా ఘోరంగా ఉండాయి, వద్దు నాయనా" అని అక్క మొత్తుకునేది.

"ఒకపక్కే అరిగితే ప్లేటు వంకరపోతాదమ్మా. చెవులు మూసుకో" అనేవాడు.

ఆయన చేనికి పోగానే మేమిద్దరం మంచిపాటే పదేపదే వేసుకునేవాళ్లం. ప్లేటు మీద ఆనించే కొత్త ముళ్ల డబ్బీ ఆయన జేబులో ఉండేది కాబట్టి, మొద్దుబారిన ముల్లుతోనే కానిచ్చేవాళ్లం.

నిన్న మనవరాలు వింటానంది. మంచిపాట పెడితే గరగర తప్ప ఏమీ లేదు. తిప్పి వేశాను. హాస్యపాటలో ఒక్క అక్షరం పోలేదు.

"ఇదేనా తాతా, ఇన్నేండ్లూ నువ్వు చెప్తాండే గొప్ప పాట?" అంది.

ప్లేటు మాత్రం వంకరపోలేదు.