మా మిల్లులో అందరికీ ఆరోగ్యమే

ఆ కాలంలో మా నంద్యాల జిన్నింగు మిల్లులో రోగం అంటే పనికి పోలేకపోవడం, అంతే. కాళ్ల మీద నిలబడి గేటు దాటామంటే ఒంట్లో బాగున్నట్టే. ఇప్పుడు మా మనవడి ఆఫీసులో ఏడాదికోసారి అందరికీ రక్తం తీసి పరీక్షలు చేయిస్తారట. వాడు ఆ మాట చెప్పినప్పుడల్లా నాకు మా చిన్నత్తా, మిల్లు షావుకారు గారి మద్రాసు అల్లుడూ గుర్తుకొస్తారు.

మా అమ్మ నా పసితనంలోనే పోతే నన్ను పెంచింది మా నాన్న చెల్లెలు, చిన్నత్త. ఆమె కూలితోనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. నాకు కాస్త వయసు రాగానే నన్నూ మిల్లుకు తీసుకుపోయింది. పత్తిలో చెత్త ఏరడం, ఏరిన పత్తిని గంపలతో మరకు అందించడం మా పని. లోపల దూది నుసి పొగలా ఎగురుతుండేది. సాయంత్రానికి నా తల కూడా తెల్లగా నెరిసిపోయేది (ముసలితనం ఎట్లా ఉంటుందో రోజూ చూపించి ఇంటికి పంపేవాళ్లన్నమాట). నుసి గొంతులో నిలవకూడదని తలా ఒక బెల్లం ముక్క ఇచ్చేవాళ్లు. బెల్లం కడుపులోకి పోయేది, నుసి మాత్రం తన దారిన ఊపిరితిత్తుల్లోకి పోయేది. చిన్నత్తకు దగ్గు పట్టుకుంది.

షావుకారు చెడ్డ మనిషి కాదు. వారానికోసారి కాంపౌండరును పిలిపించి, మోతాదు గీతల కాగితం అంటించిన సీసాల్లో ఎర్రమందు పోయించేవాడు. ఊరికే వచ్చే మందు కదా, మావాళ్లు దాన్ని తలనొప్పికీ తాగారు, నడుం నొప్పికీ తాగారు. మా పక్కన పనిచేసే గట్టిగొంతామె (ఆమె గొంతు మర చప్పుడు దాటుకుని గేటు దాకా వినబడేది) పాలు ఎగ్గొట్టిన బర్రెకు కూడా పట్టించింది. చిన్నత్తకు మాత్రం ఆ మందు తాగిన రాత్రే కాస్త కునుకు పట్టేది.

అంతలో మద్రాసు నుంచి అల్లుడొచ్చాడు. "మామా, మందులకే ఇంత పోస్తాంటే మిల్లు మునుగుతాది. రోగం వచ్చినాక మందిచ్చేదాని కన్నా రోగం రాకుండా చూసుకునేది మేలు," అన్నాడట. మాటలో తప్పేమీ లేదు. మర్నాటి నుంచి పొద్దున్నే మమ్మల్ని పత్తి కుప్ప పక్కన వరసగా నిలబెట్టి, "చేతులు పైకి! నడుం వంచండి! ఊపిరి నిండా పీల్చండి!" అని తానే కసరత్తు చేయించడం మొదలుపెట్టాడు. అంతవరకు పని చేసేటప్పుడే లోపలికి పోయే నుసి, ఇప్పుడు పనికి ముందే, మా ఇష్టంతో పోయేది. నేనైతే చిన్నత్త దగ్గు దీనితో పోతుందని గట్టిగా నమ్మి, ఇంట్లో కూడా ఆమెను వంగమనేదాన్ని.

"ఏమ్మే, పొద్దస్తమానం వంగి పత్తి ఏరేదాన్ని, ఇంగా యాడికి వంగేది? ఆయప్పకు నా నడుముతో ఏం పని?" అనేది చిన్నత్త, దగ్గుకూ దగ్గుకూ మధ్య.

కొన్నాళ్లకు అల్లుడు పరీక్ష పెట్టాడు. మద్రాసులో ఎవరో డాక్టరు చేయిస్తుంటే చూశాడట. బల్ల మీద కిరసనాయిలు బుడ్డి వెలిగించి పెడతారు, చేయి చాపినంత దూరంలో నిలబడి దాన్ని ఊది ఆర్పాలి. ఆర్పలేనివాళ్లు బాగయ్యేదాకా ఇంట్లో ఉండాలి. ఇంట్లో ఉంటే కూలి లేదు. మొదట మగవాళ్లు ఊదారు. ఆర్పలేని ఇద్దరు తువ్వాలు దులుపుకుని గేటు వైపు నడిచారు. నేను చిన్నత్త చెయ్యి పట్టుకున్నాను. ఆమె ఊపిరికి బుడ్డి కాదు కదా, పొయ్యిలో బూడిద కూడా కదలదని నాకు తెలుసు.

ఆడవాళ్లలో మొదట నిలబడింది గట్టిగొంతామె. బుడ్డిని చూసి రెండడుగులు వెనక్కేసింది. "ఏమప్పా, ఆడోళ్లతో దీపం ఊదిస్తాండావా? నీ పెండ్లాం ఇంట్లో నోటితో ఊదుతాదా?"

"ఇది దేవుడి దీపం కాదమ్మా, ఉత్త బుడ్డి!" అన్నాడు అల్లుడు.

అప్పుడు చిన్నత్త ముందుకొచ్చింది. "బుడ్డయితే ఏంది నాయనా, లచ్చిమి కాదా? నువ్వు ఊదమంటే ఊదుతా. శుక్రవారం పూట, మీ మామ యాపారం చేసే తావులో దీపం ఆర్పిన పాపం మాత్రం నాది కాదు, నీది." అని, నిజంగానే ఊదబోతున్నట్టు బుగ్గలు పూరించింది.

లోపలి నుంచి షావుకారు పంచె ఎగగట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "వద్దు తల్లీ, ఊదొద్దు! ఆడోళ్లందరికీ శానా బాగుండాది, అందరూ పనికి పోండి!" అన్నాడు. ఆ రోజు మేము నవ్వినంతగా ఆ మిల్లులో ఎవరూ నవ్వి ఉండరు. చిన్నత్త నవ్వి నవ్వి దగ్గింది, దగ్గి దగ్గి నవ్వింది. నేను ఆ కథను మా వీధి వీధంతా చెప్పుకుంటూ తిరిగాను.

మరుసటి వారం కాంపౌండరు రాలేదు. అడిగితే, "అందరూ బాగుండారని మా మామే చెప్పె గదా, ఇంగ మందెవరికి?" అన్నాడు అల్లుడు. నేను దిగులుపడితే చిన్నత్త, "మందు లేకపోతే పోయె, పనుండాది గదా మ్మే," అంది. నిజంగానే ఒక్క పూట కూడా పని మానలేదు. రాత్రుళ్లు గోడకు ఆనుకుని కూర్చునే ఉండేది, పొద్దున్నే పోయి చేతులు పైకెత్తి ఊపిరి పీల్చేది. పత్తి కాలం ముగిసి మిల్లు మూసిన కొద్ది రోజులకే ఆ కూర్చున్న చోటే పోయింది.

షావుకారు మా గడప దాకా వచ్చాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, మనస్ఫూర్తిగానే బాధపడుతూ, "మా మిల్లులో నిక్షేపంగా ఉండిన మనిషి, ఉన్నట్టుండి ఎట్ల పాయెనమ్మా?" అన్నాడు.

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. శవం పక్కన కూర్చుని, చిన్నత్త ఈ మాట వింటే ఎట్లా నవ్వేదో అనుకోగానే ఇంకా ఎక్కువైంది. కొంగు నోట్లో కుక్కుకుని తల వంచుకున్నాను. ఒళ్లంతా ఊగిపోతోంది. గట్టిగొంతామె నన్ను దగ్గరికి లాక్కుని, "ఏడువు పాపా, ఏడువు," అని మొదటిసారి మెల్లగా అంది. నవ్వుతున్నానని ఆమెకు చెబుదామని తలెత్తబోయాను కానీ, అప్పటికే ఆమె రవికె భుజం తడిసిపోయి ఉంది. అప్పటి నేను, ఆ పిచ్చిపిల్ల, ఇప్పుడు కళ్ల ముందుకొస్తే, నేనూ గట్టిగొంతామె చెప్పిన మాటే చెప్పి కాస్త నవ్వుకుంటాను.