నాయనమ్మ గీసిన మసి సిలువ

మా చిన్నప్పుడు... ఈస్టర్ దాటిన వారానికల్లా పచ్చబొట్లు పొడిచే అవ్వ మా ఊరికి వచ్చేది. టేకులపల్లి దాటి అడవిలోకి పోతే మా ఊరు. ఇప్పపూలు రాలే రోజులవి... మధ్యాహ్నం గాలంతా తియ్యగా, మత్తుగా ఉండేది. ఆమె మా అరుగు మీద కూర్చుని దీపం మసిలో ఏదో ఆకు పసరు పోసి కొబ్బరి చిప్పలో రంగరించేది.

“నల్లగుంది గద, పచ్చబొట్టంటరేంది?” అని అడిగాను ఒకసారి.

“బయట ఉన్నంతసేపు మసి నల్లగనే ఉంటది. తోలు కిందికి పోతెనే పచ్చగైతది” అంది.

ఆ మాట నాకెందుకో అప్పటి నుంచీ గుర్తుండిపోయింది...

మా నాయనమ్మ గడ్డం మీద మూడు చుక్కలు, చేతుల నిండా గీతలు ఉండేవి. అవి పెళ్లికి ముందువి. జ్ఞానస్నానం తీసుకున్నాక ఆమె బొట్టు మానేసింది, పూలు మానేసింది. గుడిలో, అంటే మా చర్చిలో, పూజ జరిగినంతసేపూ కొంగు నెత్తి మీద నుంచి జారనిచ్చేది కాదు. పచ్చబొట్లు మాత్రం ఎలా పోతాయి? వాటికి తోడు కుడి మణికట్టు మీద చిన్న సిలువ పొడిపించుకుంది.

ఫాదర్ గారు నెలకోసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు ప్రార్థన నడిపించేది ఉపదేశి. ఆయనకు ఈ గుర్తులు నచ్చేవి కావు.

“ఒళ్లు దేవుని గుడి అమ్మా. దాని మీద గీతలు గియ్యొద్దు.”

“మరి విభూది బుధవారం నా నొసట నువ్వు గీసేదేంది?”

“అది కడిగితే పోతది.”

“పొయ్యేది నాకెందుకయ్యా...”

ఆయన నవ్వేవాడు. నాయనమ్మ నవ్వేది కాదు.

రాత్రి జపమాల అయ్యాక నాతో చెప్పేది... “చచ్చినంక కమ్మలు తీస్తరు, గాజులు తీస్తరు. గీ గుర్తొక్కటే ఎవరూ తియ్యలేరు బిడ్డా. ఆడికి పోయినంక మనోళ్లు గిదే చూసి మనల్ని పట్టుకుంటరు.”

“ఆడ దేవదూతలుంటరు గద నాయనమ్మా, అడిగితే చెప్పరా?”

“అంతమందిల ఏ పిల్ల ఎవల్దో ఆళ్లకేం ఎరుక?”

ఆమె భయం నాకు తర్వాత అర్థమైంది. మా నాన్నకు లూర్దు అని ఒక అక్క ఉండేదట. సూదికి భయపడి, పొడిచే అవ్వ వచ్చిన రోజు గుడి వెనక దాక్కుంది. ఏడుస్తుందని నాయనమ్మ వదిలేసింది. ఆ వానాకాలమే జ్వరమొచ్చి పోయింది... ఏడేళ్లకు, ఒంటి మీద ఒక్క గుర్తూ లేకుండా.

నాకు ఏడేళ్లు నిండిన ఏడు, పొడిచే అవ్వ రాగానే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది. సూది చూశాను. చెయ్యి విడిపించుకుని పరుగెత్తాను.

గుడి వెనక సమాధుల్లో, అన్నిటికంటే చిన్నదాని చాటున కూర్చున్నాను. అది లూర్దత్తదే. ఎండ మండిపోతోంది... కానీ ఆ సమాధి చల్లగా ఉంది. ఎక్కడా ఆకు కదలడం లేదు. నేను ఊపిరి బిగబట్టాను. అయినా ఎవరో రొప్పుతున్న చప్పుడు... నాలాగే పరుగెత్తి వచ్చినట్టు, నా పక్కనే.

అంతలో నాయనమ్మ వచ్చింది. చేతిలో మసి చిప్ప ఉంది, సూది లేదు. నన్ను చూసింది. తర్వాత నా పక్కన, ఎవరూ లేని చోటు చూసింది.

“ఇద్దరూ ఈడ్నే దాక్కున్నరా?” అంది, చాలా మామూలుగా.

కూర్చుని, మసిలో వేలు ముంచి నా మణికట్టు మీద సిలువ గీసింది. మళ్లీ వేలు ముంచి, సమాధి మీది సిమెంటు సిలువకు కుడి రెక్క చివర, మణికట్టు ఉండాల్సిన చోట, ఇంకో చిన్న సిలువ గీసింది.

“నొప్పి లేదు బిడ్డా, అయిపోయింది” అంది. నా వైపు చూసి కాదు.

ఈ గుర్తులంటే గిట్టని నాన్న చూస్తే గొడవవుతుందని అమ్మ ఆ సాయంత్రమే నా చెయ్యి సబ్బు పెట్టి తోమింది. సమాధి మీది మసి మాత్రం నవంబరులో చనిపోయినవాళ్లను తలుచుకునే ఆత్మల పండుగకు వేసిన సున్నం కిందికి పోయింది. అందరం మర్చిపోయాం...

పోయిన వానాకాలం నాయనమ్మ పోయింది. చివరి రోజు నా కుడి చెయ్యి తీసుకుని బొటనవేలితో మణికట్టు రుద్ది రుద్ది చూసింది.

“ఏదే?”

“కడిగేసిన్రు నాయనమ్మా... చిన్నప్పుడే.”

నా చెయ్యి వదిలేసింది. “దానికుంది తియ్” అని మాత్రం అంది.

మొన్న ఆత్మల పండుగకు ఖమ్మం హాస్టల్ నుంచి ఊరికి పోయి, ఇద్దరి సమాధులకూ నేనే సున్నం వేశాను. ఆరాక చూస్తే, చిన్న సమాధి కుడి రెక్క చివర రెండు గీతలు తేలాయి. ఇంకో పూత వేశాను. అది ఆరాక కూడా తేలాయి.

“పాచి అక్కా, వానలకు పట్టింది” అన్నాడు తమ్ముడు. కావచ్చు... కానీ నల్లగా గీసింది నేను కళ్లారా చూశాను. ఇప్పుడది పచ్చగా ఉంది. గోటితో గీకితే సున్నం రాలింది గానీ గీత పోలేదు. లోపల ఎక్కడో ఉంది.

కొవ్వొత్తులు వెలిగించి వచ్చేశాను. పెద్ద సమాధి ముందు మాత్రం కుడి చెయ్యి చున్నీలో దాచుకున్నాను.

ఇప్పుడు ఖమ్మంలో మా క్లాసు అమ్మాయిలు మెషీన్‌తో టాటూలు వేయించుకుంటున్నారు. నచ్చకపోతే తీసేసే మెషీన్ కూడా ఉందట. పోదని తెలిసి, పోకూడదనే వేయించుకున్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు... నా మణికట్టు ఇంకా ఖాళీగానే ఉంది.

మీ నాయనమ్మల, అమ్మమ్మల చేతుల మీద ఏ గుర్తులుండేవి? రేపు వాళ్లు మిమ్మల్ని ఏం చూసి గుర్తుపడతారు... చెప్పండి.