చెట్టుకు కట్టిన మేజోళ్లు

మా ఇంట్లో దయ్యాల మాట వస్తే అందరికన్నా ముందు నవ్వేదాన్ని నేనే. మైక్రోబయాలజీ చదివాను. డబ్లిన్ శివార్లలో బ్లాంచర్డ్స్‌టౌన్ దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేస్తాను. పాపకు దిష్టి తీస్తామని ఎవరైనా ఉప్పు పట్టుకొస్తే, ముందు చేతులు కడుక్కోమంటాను. నాకు భయాలు లేవని కాదు, బోలెడున్నాయి. జ్వరాలంటే భయం, మెట్లంటే భయం, గొంతులో అడ్డం పడే ద్రాక్షపళ్లంటే భయం. చెట్లంటే మాత్రం ఎప్పుడూ భయం లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా బంధువుల్లో ఈ సంగతి వేరే రకంగా తిరుగుతోంది. మా వదిన ఫోన్లలో చెప్పే కథలో అందరూ నవ్వుకునే చోట్లు చాలా ఉన్నాయట. అందులో నేను పిచ్చిపట్టిన కోడలిని. అందుకే జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకుంటున్నాను. పాప నిద్రపోయింది. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు.

వదిన అంటే మా ఆయన కిరణ్‌కు అక్క. గుంటూరులో స్కూలు హెడ్‌మిస్ట్రెస్. అక్టోబరులో సెలవు పెట్టి మమ్మల్ని చూడ్డానికి వచ్చింది. వస్తూ వస్తూ ఒక బ్యాగు నిండా తన పిల్లల పాత బట్టలు తెచ్చింది. అవి మా అన్వికి. మా వైపు పుట్టిన బిడ్డకు ముందు పాత బట్టలే తొడుగుతారు, ఆరోగ్యంగా పెరిగిన పిల్లలవి. అలా చేస్తే ఆ ఆరోగ్యం ఈ బిడ్డకూ వస్తుందని నమ్మకం. అన్వి నెలలు నిండకుండా పుట్టి, చాలా రోజులు హాస్పిటల్లో అద్దాల పెట్టెలో ఉంది. అప్పుడు ఆ ముచ్చట తీరలేదని వదినకు బాధ. ఇప్పుడు పాపకు మూడేళ్లు. అయినా బట్టలు తెచ్చింది. నేను వద్దనలేదు.

అక్కకు ఊళ్లు చూపించాలని కిరణ్ ఒక టూరు బుక్ చేశాడు. చిన్న బస్సు, పట్టుమని పది మంది కూడా లేరు, ఒక గైడు. ముందు ఐర్లాండ్ పడమటి తీరం, అక్కడి నుంచి పైకి బెల్‌ఫాస్ట్, ఫెర్రీలో స్కాట్లాండ్, తర్వాత వేల్స్, తిరిగి డబ్లిన్. సెల్టిక్ దేశాలన్నీ శరదృతువు రంగుల్లో చూడొచ్చని టూరు వాళ్లు రాశారు. మూడేళ్ల పిల్లతో అన్ని రోజులు బస్సులోనా అన్నాను. "నీకు అన్నిటికీ టెన్షనే" అన్నాడు కిరణ్. నా మాట వినకూడదనుకున్నప్పుడు మా ఇంట్లో వాడే మాట అది.

బస్సులో మాతోపాటు మరో తెలుగు జంట ఉన్నారు. లిమరిక్ హాస్పిటల్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న డాక్టర్ రమణ అంకుల్, ఆయన భార్య. మిగతా వాళ్లు రిటైరైన ఐరిష్ వాళ్లు. గైడు పేరు డెక్లాన్. బస్సు నడుపుతూనే జోకులు వేస్తాడు.

రెండో రోజు క్లేర్ కొండల్లో ఒక ఊటబావి దగ్గర ఆపాడు. పక్కనే పొట్టి ముళ్లచెట్టు. దాని నిండా గుడ్డపీలికలు, రిబ్బన్లు, చిన్నపిల్లల బిబ్బులు, ఒక ఆస్త్మా పంపు కూడా వేలాడుతున్నాయి. ఒంట్లో బాగాలేని వాళ్ల వస్తువు ఏదో ఒకటి తెచ్చి కడతారట. అది చివికిపోయే కొద్దీ జబ్బు వదిలిపోతుందట. కట్టింది ఎవరూ తీయకూడదు, తీస్తే ఆ జబ్బు తీసినవాళ్లకో, వాడుకున్నవాళ్లకో వస్తుందట. ఇదంతా డెక్లాన్ బస్సు ఆపకముందే మైకులో చెప్పాడు, దాన్నీ ఒక జోకులాగే. ఆ యాసలో వదినకు సగం అర్థం కాలేదు, మిగతా సగం చెప్పేటప్పుడు నిద్రపోతోంది.

అన్వి అక్కడ బురదగుంటల్లో గెంతింది. ఆ వీడియో నా ఫోన్లో ఉంది. రెండు కాళ్లూ ఒకేసారి ఎత్తి ఎత్తి దూకుతోంది, నవ్వుతోంది. బూట్లలోకి నీళ్లు పోయాయి. నేను రోడ్డు అవతల కాఫీ షాపుకు వెళ్లి ఫ్లాస్కులో వేణ్ణీళ్లు పట్టించుకుని వచ్చేసరికి వదిన పాపను బస్సెక్కించి, పొడి మేజోళ్లు తొడిగేసింది. బూడిదరంగు ఊలువి, చేత్తో అల్లినవి. బ్యాగులో నుంచి తీసిందనుకున్నాను. పైగా థాంక్స్ కూడా చెప్పాను.

తర్వాత ఆగిన చోట అన్వి బస్సు దిగి నడిచింది. ఎడమకాలు ముందుకు వేసేటప్పుడల్లా ఎడమచెయ్యి తొడ మీద ఆనించి నొక్కుతోంది. నొక్కి, ఒంటిని ఓ పక్కకు ఊపి, అడుగేస్తోంది.

బూటు కరిచిందేమోనని చూశాను. ఏమీ లేదు. మేజోడు తీసి కాలు పిండి చూశాను. ఎక్కడా వాపు లేదు, గీరుకున్న గుర్తు లేదు. ఏడవడం లేదు, ఎత్తుకోమని కూడా అడగడం లేదు. నొప్పా అని అడిగితే, "నో మామీ, ఇట్స్ ఆల్వేస్ లైక్ దట్" అంది. మా పిల్లకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిషులోనే ఇస్తుంది. ఆ మాటను కూడా ఎప్పటిలాగే అంది, అదేదో తెలిసిన విషయం అన్నట్టు.

"ఆట అయ్యుంటుందే. పిల్లలు వంద వేషాలేస్తారు. నువ్వట్టా మొహం పెడితే ఇంకా చేస్తది" అంది వదిన.

దారిలో గాల్వే ఊళ్లో హాస్పిటల్‌కు తీసుకెళ్లాం. అది కూడా నేను బస్సులో గొడవపడితేనే. ఎక్స్‌రే తీశారు. ఎముక బాగుంది, కీలు బాగుంది. షీ ఈజ్ గ్రాండ్ అన్నారు, అంటే బాగానే ఉందని. గ్రాండ్ అనే మాట ఈ దేశంలో ఎన్నిటికి సరిపోతుందో! వాన పడితే గ్రాండ్, టీ వద్దంటే గ్రాండ్, పిల్ల కాలీడ్చుకుంటూ నడిచినా గ్రాండ్.

హోటల్ లాంజ్‌లో రమణ అంకుల్ పాపను అటూ ఇటూ నడిపించి చూశారు. ఆ నడకను నేను ఫోన్లో తీశాను.

"శ్రావణీ, మీ ఇళ్లల్లో పోలియో వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? పాప చూసి నేర్చుకునేంత దగ్గరగా?"

లేరన్నాను. వీడియో కాల్‌లోనైనా చూసిందా అన్నారు. చూడలేదు.

"చెయ్యి తొడ మీద పెట్టి మోకాలు లాక్ చేయడం ఉందే, ఇది పోలియో నడకమ్మా. నేను గుంటూరులో చదువుకునే రోజుల్లో ఓపీలో రోజూ చూసేవాణ్ని. ఇక్కడి కుర్ర డాక్టర్లు చూసి ఉండరు, వాళ్ల తప్పు కాదు." పాపను ఇంకోసారి నడిపించి మళ్లీ అన్నారు. "కాలు కొత్తగా నొప్పి పుడితే పిల్లలు పడతారు, ఏడుస్తారు. ఈ పిల్ల పడటం లేదు. ఏళ్ల తరబడి ఇట్లాగే నడిచినదానిలా తేలిగ్గా నడుస్తోంది. కండరం చూస్తే మామూలుగా ఉంది. నాకు అర్థం కావడం లేదు."

ఒక డాక్టరు నోట అర్థం కావడం లేదన్న మాట విని పాపను ఎత్తుకుని లేచాను.

గదికి వచ్చి మేజోళ్లు ఉతుకుదామని సింకులో వేశాను. అప్పుడు చూశాను. కుడి మేజోడు మడమ బాగా అరిగి ఉంది, వేరే రంగు ఊలుతో రఫ్ఫు చేశారు. ఎడమదాని మడమ కొత్తదానిలా ఉంది. వేళ్ల కొస మాత్రం అరిగి పలచబడిపోయింది, మడమ ఎప్పుడూ నేలకు తగలనట్టు.

పక్కగదికి వెళ్లి వదినను అడిగాను. "వదినా, మీ పిల్లల్లో ఎవరికైనా చిన్నప్పుడు కాలు బాగుండేది కాదా?"

"మా పిల్లలకేం, గుర్రాల్లాగుంటే! ఎందుకట్టా అడుగుతున్నావ్?"

మేజోళ్లు చూపించాను.

"ఇవి మావి కాదు కదా తల్లీ. ఆ బావి కాడ చెట్టుకున్నాయి. అంత శుభ్రంగా ఉన్నాయి, పొడిగా ఉన్నాయి. పిల్ల పాదాలు మంచుముక్కల్లా ఉంటేను తెంపుకొచ్చా. పిల్లలు పెరిగిపోయాక బట్టలు పదిమందికీ పనికొస్తాయని కట్టిపోతారేమో అనుకున్నా. మంచిదే కదా?"

వదిన చెడ్డదని నేను అనను. గుంటూరు నుంచి బ్యాగు మోసుకొచ్చిన మనిషి చెట్టు మీద పసిపిల్లల బట్టలు చూస్తే అలాగే అనుకుంటుంది. నా కోపం ఆ తర్వాత జరిగిన దాని మీద.

పొద్దున్నే డెక్లాన్‌కు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మేజోళ్లు చూపిద్దామని చెయ్యి చాపితే తన రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకున్నాడు. "మీరు వాటిని వెనక్కి తీసుకెళ్తే మంచిది" అన్నాడు, మెల్లగా, నా మొహం చూడకుండా. మరి ఆ ముందు రోజు దాన్ని జోకులా ఎందుకు చెప్పావయ్యా అని అడిగాను. టూరిస్టులకు అలా చెబితేనే నచ్చుతుందట. బస్సు మాత్రం తిప్పలేడట. సాయంత్రానికి బెల్‌ఫాస్ట్ చేరాలి, మర్నాడు ఫెర్రీ.

కిరణ్‌తో మనం దిగిపోదాం అన్నాను.

"ల్యాబ్‌లో పనిచేసేదానివి, చెట్టు పట్టుకుందంటావా?"

"నేనేమీ అనడం లేదు. పిల్ల నడక బాగాలేదు. ఎక్స్‌రే అయింది, డాక్టరు చూశాడు. ఇంక మిగిలింది ఇదొక్కటే. ఇదీ చేసి చూద్దాం."

"అక్క ఇంత దూరం వచ్చింది శ్రావణీ. ఒక్కదాన్నే పంపిస్తామా? నువ్వు వెళ్లి పని చూసుకుని ట్రైన్‌లో బెల్‌ఫాస్ట్ వచ్చెయ్."

పని చూసుకుని! కరెంటు బిల్లు కట్టి రమ్మన్నట్టు. బస్సు వెళ్లిపోయింది. కిటికీలో నుంచి అన్వికి చెయ్యి ఊపాడు. నేను కారు అద్దెకు తీసుకుని, పాపను వెనక సీట్లో కట్టి, వచ్చిన దారినే వెనక్కి బయల్దేరాను. దారి పొడుగునా చెట్లు ఎర్రగా, పసుప్పచ్చగా ఎంతో అందంగా ఉన్నాయి. ఆ అందం చూసినా నాకు కోపమే వచ్చింది.

మధ్యాహ్నానికి బావి దగ్గరికి చేరాను. సన్నగా తుంపర. మనుషులెవరూ లేరు. కింది కొమ్మకు బూడిదరంగు ఊలుదారం ముక్క ఇంకా వేలాడుతోంది, వదిన తెంపిన చోట. అక్కడే కట్టాను. తడి ఊలు జారి ముడి పడలేదు, మూడు నాలుగుసార్లు కట్టాను. దండం పెట్టలేదు. ఎవరికి పెట్టాలో తెలియలేదు. తిట్టాను. గట్టిగా, తెలుగులో. నా పిల్ల బతకడానికి ఎంత పోట్లాడిందో తెలుసా నీకు, ఎవరిది వాళ్లకే ఇచ్చెయ్, దీని జోలికొస్తే కొమ్మ కొమ్మా నరికేస్తాను అన్నాను. ఇంకా ఏవో అన్నాను, ఇక్కడ రాయలేను.

ఏమీ జరగలేదు. అన్వి తొడ మీద చెయ్యి ఆనించుకుంటూనే కారు దాకా నడిచి వచ్చింది. సీటు బెల్టు పెడుతూ ఏడ్చాను. చదువుకున్న చదువంతా ఇందుకా అనిపించింది.

పాలు కొందామని దారిలో ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగాను. పాపను దింపి, కారు తాళం వేసి తిరిగి చూసేసరికి పక్కన లేదు. షాపు లోపల, అరల మధ్య, బిస్కెట్ల వైపు పరుగెత్తుతోంది. రెండు చేతులూ గాల్లో ఉన్నాయి. చప్పుడు చేస్తూ, రెండు మడమలూ నేలకు కొడుతూ.

కాలు బాగుందా అన్నాను. "విచ్ లెగ్?" అంది.

నేను బెల్‌ఫాస్ట్ వెళ్లలేదు. సరాసరి ఇంటికి వచ్చాను. ఆ రెండు వీడియోలూ ఫోన్లో పక్కపక్కనే ఉన్నాయి, బురదలో గెంతేది, హోటల్ లాంజ్‌లో నడిచేది. రమణ అంకుల్ తర్వాత రెండుసార్లు అడిగి తెప్పించుకున్నారు. కిరణ్ మాత్రం కండరం పట్టేసి వదిలేసిందంటాడు. స్కాట్లాండ్ ఫొటోలు ఫ్రిజ్ మీద అతికించాడు, అక్కాతమ్ముళ్లు కోట ముందు నవ్వుతున్నవి. నేను తీయలేదు. చూసినప్పుడల్లా కోపం గుర్తుండాలి కదా.

అయితే రాత్రిళ్లు నన్ను నిద్రపోనివ్వనిది ఆ ఫొటోలు కాదు.

ఆ మేజోళ్లను ఎవరో అల్లారు. అరిగిన మడమకు వేరే రంగు ఊలు వెతికి రఫ్ఫు చేశారు. తర్వాత ఆ కొండల్లోకి తెచ్చి కింది కొమ్మకు కట్టారు. అవి ఎప్పటివో నాకు తెలియదు. ఆ పిల్ల ఇప్పుడు ఉందో లేదో, ఉంటే ఎంతదో తెలియదు. కానీ ఆ కాలి కష్టం నా కూతురి దగ్గర ఉన్నంతసేపు, ఆ పిల్ల ఎక్కడో లేచి పరుగెత్తిందా? వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి చూసిందా? ఎవరిది వాళ్లకే ఇచ్చెయ్ అని నేను అరిచినప్పుడు, ఆ పిల్ల చెయ్యి మళ్లీ తొడ మీదికి వెళ్లిందా?

ఇందులో ఏది నిజమో నాకు తెలియదు, ఏదీ నిజం కాకపోవచ్చు. మళ్లీ అలాంటి రోజు వస్తే మాత్రం మళ్లీ వెళ్లి కడతాను, ఈసారి ముడి మొదటిసారే పడుతుంది. ఇద్దరు పిల్లల్లో ఒకరిని ఇలా ఎంచుకునే పని ఒక తల్లికి ఎవరు పెట్టారో, నా కోపమంతా ఇప్పుడు వాళ్ల మీద. వాళ్లెవరో తెలిస్తే బాగుండును.