దేవుడి కుండలో ఊక

మొన్న ఆదివారం చర్చి గోడకి కొత్తగా ఒక అట్ట అంటించారండి. దానికి ఫోన్ చూపిస్తే కానుక పడిపోతుందట. మా కోడలు చూపించింది, టింగుమంది, అయిపోయింది. నేను మాత్రం నా స్టీలు డబ్బా పట్టుకుని ముందుకి నడిచాను. మా ఆడవాళ్ళకి పాత అలవాటు ఒకటుంది. వండే ప్రతిసారీ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు దేవుడికని తీసి విడిగా కుండలో వేస్తాం, ఆదివారం చర్చిలో అందరి ముందూ ఒంపుతాం. ఈ తాడేపల్లిగూడెంలో ఇప్పుడు అలా పట్టుకెళ్ళేది నేనూ, ఇంకో ఇద్దరు ముసలాళ్ళూ. ఒంపేటప్పుడు ఇప్పటికీ కళ్ళు మూసుకుంటానండి. ఎందుకో చెప్తాను. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది, దిద్దొద్దన్నాను.

నేను కాపరానికి వెళ్ళింది కొల్లేటి లంకకి. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఊరు, ఊరి చివర మా పేట, పేటలో తాటాకుల చర్చి. ఇంట్లో మా అత్తగారూ, మా ఆయనా, నేనూ. మామగారు నేను వెళ్ళేసరికే పోయారు. అత్తగారు గొంతు విప్పితే అవతలి గట్టు మీద బాతులు లేచేవి. ఆవిడ పిడికిలి నా పిడికిలికి రెండింతలు. దేవుడికంటే ఆవిడకే ఎక్కువ భయపడేదాన్ని. దేవుడు కనపడడు గదా.

ఆ ఏడు కొల్లేరు పొంగి చేలన్నీ మునిగాయి. కూలి లేదు. మా ఆయన ఈ తాడేపల్లిగూడెం రైసు మిల్లులో బస్తాలు మొయ్యడానికి వెళ్ళి, వారానికోసారి ఇన్ని బియ్యం, పొయ్యిలోకి ఒక గోతాం ఊక తెచ్చేవాడు. చేపలకి లోటు లేదండి, గుమ్మంలోకే వచ్చేవి. అన్నమే లేదు. వట్టి పులుసు ఎన్ని పూటలు తాగుతారు? నాకప్పుడు ఆరో నెల. అన్నం చాలదు, పైగా పచ్చి బియ్యం మీద పిచ్చి. పచ్చి బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందంటారు. నా పెళ్ళయి ఏడాదయినా ఆ వాన వదల్లేదు, ఇంకేం పడుతుందిలే అనుకుని దేవుడి కుండ మీద మూకుడు తీశాను. మొదట పది గింజలు. తరవాత చారెడు. బుధవారానికి అడుగు కనపడింది. భయమేసి ఊక తెచ్చి కుండ నిండా పోసి, మిగిలిన గింజలు పైన సర్దాను. ఎంత తెలివైనదాన్నో చూడండి! చేతులు కడుక్కుంటుంటే అప్పుడు తట్టింది, ఆదివారం అది ఒంపాలని. తీసేద్దామంటే బదులు పోయడానికి మిగులు గింజ లేదు.

గురువారం నుంచి అత్తగారు, “కడుపులో బాగాలేదే, నా వంతు బియ్యం ఎసట్లో పొయ్యకు, నీ మటుకు వండుకో” అంటోంది. మూడు రోజులు గంజి నీళ్ళే తాగింది. నా భయంలో నేనున్నాను, ఎందుకని అడగలేదు.

ఆదివారం కుండ నెత్తిన పెట్టుకుని ఆవిడ ముందు, వెనక నేను. పెద్దల ముందు ఊక రాలితే, దేవుడి బియ్యం తిన్న కోడలని పుట్టింటికి పంపేస్తారు. ఈ కడుపుతో వెళ్ళి మా అమ్మకేం చెప్పను? చర్చిలో గుడ్డ పరిచారు. అత్తగారి వంతు వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. అందరూ ప్రార్థన అనుకున్నారు. చప్పుడుకి కళ్ళు తెరిస్తే, తెల్లటి బియ్యం. ఒక్క పొట్టు లేదు.

తిరిగొచ్చేటప్పుడు గట్టు మీద ఉండబట్టలేకపోయాను.

“అత్తయ్యా, కుండలో...”

“ఊకా? పొయ్యిలో వేశాను. బాగానే మండింది.”

“మరి బియ్యం ఎక్కడివండి?”

“నా కడుపులో బాగాలేదన్నానుగా.”

బురదలోనే కూలబడ్డాను. “తప్పయిపోయిందండి అత్తయ్యా, తిట్టండి నన్ను.”

“తప్పే. కాదని ఎవరన్నారు? దేవుడికి ఊక పెడతావా, సిగ్గు లేకపోతే సరి! లే, చీర పాడవుద్ది.”

“మరి నా తప్పెందుకు దాచారండి?”

ఆవిడ ఖాళీ కుండ ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది. “నా బతుకు ఒంపితే ఎంత ఊక రాలుద్దో ఆ దేవుడికి తెలుసే. ఇప్పటిదాకా ఆయన ఎవరి ముందూ ఒంపలేదు.” అని, వెంటనే, “ఇంకోసారి పచ్చి బియ్యం బొక్కావంటే వీపు చీరేస్తాను, నడు” అంది.

క్షమాపణ గురించి చర్చిలో అయ్యగార్లు గంటలకొద్దీ చెప్పగా విన్నానండి. నాకు తెలిసింది మాత్రం ఆ గట్టు మీదే. ఆ తరవాత ఆవిడ బతికిన పద్దెనిమిదేళ్ళూ ఉప్పు దగ్గరా పప్పు దగ్గరా తగువులాడుకుంటూనే ఉన్నాం. జుట్టు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఊక మాట మాత్రం ఆవిడ ఒక్కనాడూ ఎత్తలేదు. ఆవిడ పోయింది, మా ఆయనా పోయాడు. ఆ కడుపులోవాడే ఇప్పుడీ ఇంటి యజమాని.

నా వేళ్ళు వంకర్లు తిరిగాయి. పిడికిలి మూసుకోదు, సగం గింజలు స్టవ్ పక్కనే రాలిపోతాయి. అయినా ఆదివారానికి డబ్బా నిండుగా ఉంటోంది. ఎవరు కలుపుతున్నారో నేనడగలేదు. ఈ మాట రాస్తూ కోడలు తలెత్తలేదు. ఇన్నేళ్ళూ కలిసి నా పిడికిలి విప్పేశాయండి, నా కుండని మాత్రం ఖాళీ చెయ్యలేకపోయాయి.