ఏట్లో ఖాళీ చెయ్యి

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పదో తరగతి పిల్లలకు సోషల్ చెప్పినవాణ్ణి. వాళ్ళ జవాబు పత్రాల్లో చూసినన్ని వింతలు ఏ శ్మశానంలోనూ ఉండవని నా అభిప్రాయం. ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా ఎవరినీ నమ్మించడానికి కాదు. జరిగింది జరిగినట్టు చెప్పేస్తే కాస్త బరువు దిగుతుందేమోనని.

రిటైరై చీపురుపల్లిలో కూర్చున్నాక, మా చుట్టుపక్కల పల్లెలు చూసిన వరదలూ తుపానులూ కరువులూ గుర్తున్నవాళ్ళు ఉండగానే రాసిపెడదామని మొదలుపెట్టాను. చరిత్ర పాఠం చెప్పాను కాబట్టి రాయడం కూడా వచ్చనుకున్నాను. "వరద గురించి రాయమంటే వరదలా రాస్తున్నారు. ఎక్కడో ఒకచోట గట్టు వేసుకోండి," అంటుంది మా ఆవిడ.

అలా వెళ్ళిన ఊళ్ళలో ఒకటి నాగావళి ఒడ్డున ఉంది. పేరు రాయను. ఊరు ఇవతల, పొలాలు అవతల. ఉభాల రోజుల్లో, అంటే వరి నాట్లప్పుడు, ఆడవాళ్ళు పొద్దున్నే చేతులు పట్టుకుని వరసగా ఏరు దాటేవారు. కుడి చెయ్యి ముందున్నవాళ్ళకి, ఎడమ చెయ్యి వెనకున్నవాళ్ళకి.

నా చిన్నతనంలో ఒక ఏడు, ఇక్కడ చినుకైనా పడని రోజున, పైన ఒడిశా కొండల్లో కురిసిన వాన ఆ వరస మీదికి వచ్చిపడింది. కొందరు గట్టెక్కారు, కొందరు ఎక్కలేదు. చివర నడుస్తున్న సూరమ్మ అనే పిల్ల అసలు దొరకనే లేదు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ముందు నడిచింది సొంత అక్క, పైడమ్మ.

అప్పటి నుంచి ఆ ఊళ్ళో ఒక పద్ధతి. వరసలో చివర నడిచేవాళ్ళు ఎడమ చెయ్యి ఖాళీగా, కొంచెం వెనక్కి, నీళ్ళలో వదిలి నడవాలి. ఆ చేత్తో కొడవలి గానీ క్యారేజీ గానీ పట్టుకోకూడదు. పోయినవాళ్ళు ఎవరైనా అందుకుంటే గట్టెక్కించాలని. ఆ చివరి చోటు ఎప్పుడూ పైడమ్మదే. పై ఊళ్ళ సంబంధాలు కాదని అదే ఊళ్ళో మేనబావను చేసుకుంది. మోకాళ్ళు అరిగిపోయాక కూడా ఆ చోటు ఎవరికీ ఇవ్వలేదు.

నేను వెళ్ళేసరికి ఏటి మీద వంతెన దాదాపు పూర్తయింది.

"ఈ ఉభాలతో సరి మేస్టారూ," అంది పైడమ్మ. "మరింక ఏట్లోకి దిగీవోల్లు నేరు. మా సూరమ్మ రావాలంటే ఈలోపలే రావాల."

నాకు ఆ వరస మొత్తం ఫొటో కావాలనిపించింది. ముందు నడుస్తూ వెనక్కి తిరిగి తీయడం నా వల్ల కాదు. చదును రోడ్డు మీద కూడా పడిన చరిత్ర ఉంది నాకు. అందుకని చివర నడుస్తూ తీస్తానన్నాను.

"ఎనకాల నుంచి తీస్తే మా ఈపులే పడతాయి మేస్టారూ," అంది పైడమ్మ కోడలు రవణమ్మ. "మా మొకాలు బాగునేవేటి?"

అందరూ నవ్వారు. పైడమ్మ నవ్వలేదు.

"ఒక్కపాలికి ఇచ్చీయత్తా. మనూరి కత పుస్తకంలో పడతాదంట," అని రవణమ్మే నచ్చజెప్పింది.

పైడమ్మ కాసేపు ఏటివైపు చూసి, నా ముందుకు జరిగింది. "ఫొటో తీసీసి పోను జోబులో ఎట్టీయండి. ఎడం సెయ్యి మటుకు ఖాళీగా ఒగ్గీయండి," అంది.

చెప్పినట్టే చేశాను. ఏటి మధ్యకు వచ్చేసరికి నీళ్ళు నడుం దాకా ఉన్నాయి. ఎండ బాగా కాస్తోంది. నా కుడి చెయ్యి పైడమ్మ చేతిలో ఉంది, ఎడమ చెయ్యి నీళ్ళలో ఉంది. ఆ ఎడమ చేతి చిటికెన వేలినీ, పక్క వేలినీ ఎవరో పట్టుకున్నారు.

తగలడం కాదు, పట్టుకోవడం. చిన్న చెయ్యి. వెనక్కి తిరిగి చూశాను. ఎర్రటి నీళ్ళు, మేము దిగిన రేవు, రేవులో ఒక గేదె. ఇంకెవరూ లేరు. నేను చూస్తుండగానే ఆ పట్టు వేళ్ళ మీంచి మణికట్టుకు పాకింది. అక్కడ నా వాచీ పట్టీ తగిలింది కాబోలు, ఆగింది. ఒకసారి తడిమింది. వదిలేసింది.

నేను చెయ్యి లాక్కోలేదు. దాన్ని ధైర్యం అనుకోకండి. కాళ్ళూ చేతులూ నా మాట వినే స్థితిలో లేవు.

గట్టెక్కాక పైడమ్మ నా మొహం చూసి, "ఏటైనాది?" అంది.

"చిటికెన వేలికి ఏదో తగిలినట్టుంది," అన్నాను.

"సిటికినేలూ, దాని పక్కదీనా?"

రెండో వేలి మాట నేను చెప్పలేదు. తల ఊపాను.

"అది ఆ రెండు వేళ్ళే ఒట్టుకునీది," అంది పైడమ్మ. "అరసెయ్యి ఒట్టుకోయే అంటే, నీ సెయ్యి సెమటగున్నాదప్పా అనీది. ఆ దినమూ అలగే ఒట్టుకున్నాది." నా వేళ్ళవైపు చూసి అడిగింది. "మరి ఒగ్గీసినాదా?"

"వాచీ తగిలాక వదిలేసింది."

"నాను కానని తెలిసిపోనాది."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

చేలోకి వెళ్ళకుండా ఆమె మళ్ళీ ఏటివైపు తిరిగింది. పొలం ఆసామి కేకలేస్తాడని ఎవరో అన్నారు. "ఎయ్యనీ. నోరు నొప్పెడితే ఆడే ఊరుకుంటాడు," అని రవణమ్మ కొడవలి గట్టున పడేసి, వరసకు ముందు వెళ్ళి నిలబడింది. మిగతావాళ్ళు చేతులు కలిపారు. ఈసారి పైడమ్మ చివర, ఆమె ముందు నేను.

నడిమధ్యలో ఆమె ఆగింది. వరస మొత్తం ఆగింది. కాళ్ళ కింద ఇసుక జారిపోతుంటే అందరూ అలాగే నిలబడ్డారు. ఒక్కరూ తొందరపెట్టలేదు. నా చేతిలో ఆమె చెయ్యి చాలాసేపు బిగుసుకునే ఉంది. తర్వాత సడలింది.

"నడండి," అంది.

ఉభాలు అయ్యేదాకా రోజూ అత్తే చివర నడిచిందని, ఏమీ రాలేదని రవణమ్మ ఫోన్లో చెప్పింది. తర్వాత వంతెన తెరిచారు. ఇప్పుడు కూలీలు ఆటోల్లో వెళుతున్నారు.

చల్లటి నీళ్ళలో వేళ్ళు తిమ్మిరెక్కితే అలాగే అనిపిస్తుందన్నాడు డాక్టరు స్నేహితుడొకడు. నాచు చుట్టుకుని ఉంటుందన్నారు మరొకాయన. ఇద్దరితోనూ ఒప్పుకున్నాను. పుస్తకంలో వరద గురించి రాశాను గానీ దీన్ని రాయలేదు. ఫొటో కూడా వేయలేదు. ఆ చోటు నేను అడక్కుండా ఉండాల్సింది. ఒక మనిషి జీవితమంతా చాచి ఉంచిన చేతికి రావలసింది, దారిన పోయే నా చేతికి వచ్చి, కాదని తెలుసుకుని వెళ్ళిపోయింది. తిమ్మిరి అయితే ఈపాటికి వదిలేది.

అటువైపు వెళ్ళినప్పుడల్లా పైడమ్మను చూసి వస్తాను. టీ తాగాక నా ఎడమ చెయ్యి తీసుకుని, ఆ రెండు వేళ్ళూ గుప్పిట్లో పెట్టుకుంటుంది.

"దాని సెయ్యి సల్లగున్నాదా మేస్టారూ?" అని అడుగుతుంది. ప్రతిసారీ అదే ప్రశ్న.

"లేదమ్మా, వెచ్చగానే ఉంది," అంటాను.

ఆమె తృప్తి కోసం అనే మాట కాదు. నిజంగానే వెచ్చగా ఉంది. అన్నేళ్ళు నీళ్ళలో ఉన్న చెయ్యి అంత వెచ్చగా ఎలా ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.